పొగకు పైసల లెక్క

నాంపల్లి స్టేషన్ నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, రెడ్‌హిల్స్‌లో, రెండు దశాబ్దాలకు పైగా మూడు పక్షాలు ఇరుగుపొరుగుగా ఉండేవి. ఒకటి సింగరేణి భవన్, అంటే మన థర్మల్ కేంద్రాలకు బొగ్గు అమ్మే సంస్థకు హైదరాబాద్ కార్యాలయం. అదే భవనం పై అంతస్తుల్లో విద్యుత్ నియంత్రణ మండలి ఉండేది. ఆ బొగ్గు మండించి తీసిన కరెంటుకు యూనిట్‌కు ఎంత చెల్లించాలో తేల్చేది ఆ మండలే. కాస్త అవతల ఫెడరేషన్ హౌస్. 1917లో పుట్టి, ఉమ్మడి రాష్ట్రంలో ఫ్యాప్సీగా పేరుపడి, ఇప్పుడు ఎఫ్‌టీసీసీఐగా కొనసాగుతున్న వర్తక, పారిశ్రామిక మండళ్ళ సమాఖ్య అది. మండలి ఖరారు చేయబోయే ధర ఎక్కువైందని వాదించే పక్షం. అమ్మేవాళ్ళు, తేల్చేవాళ్ళు, కాదనేవాళ్ళు ఒకే పేటలో కాపురం. రాష్ట్రం విడిపోయాక కొన్నేళ్ళ పాటు సింగరేణి భవన్ నాలుగో అంతస్తులో ఆంధ్రప్రదేశ్ మండలి, ఐదో అంతస్తులో తెలంగాణ మండలి పనిచేశాయి. తర్వాత ఒకటి కర్నూలుకు, ఇంకొకటి కల్యాణ్‌నగర్‌కు తరలిపోయాయి.

ఈ గుమ్మాల మధ్య ఒక రాతపని పెరిగి పెద్దదైంది. దాన్ని పరిచయం చేయాలని చాలా కాలంగా అనుకుంటున్నాను. దాని పేరు అభ్యంతర పత్రం. కరెంటు ఉత్పత్తి చేసే జెన్‌కోనో, సొంత థర్మల్ కేంద్రం కూడా నడిపే సింగరేణో, కరెంటు పంపిణీ చేసే డిస్కమో తమ ఖర్చులు చూపించి ధర అడిగినప్పుడు, ఆ లెక్కను చదివి, తప్పు పట్టి, గడువులోగా మండలికి దాఖలు చేసే కాగితాల కట్ట అది. 2003 విద్యుత్ చట్టం 64వ సెక్షన్ ప్రకారం దరఖాస్తు అందిన 120 రోజుల్లో మండలి ఆర్డరు ఇవ్వాలి. ప్రజల నుంచి వచ్చిన సూచనలు, అభ్యంతరాలు అన్నీ పరిశీలించాకే ఇవ్వాలి. ఆ ఒక్క నిబంధన వల్ల మన ఊళ్ళో ఒక రచనా ప్రక్రియ పుట్టిందంటే అతిశయోక్తి కాదు. దాన్ని రాసేవాళ్ళలో చార్టర్డ్ అకౌంటెంట్లున్నారు, రిటైర్డ్ విద్యుత్ ఇంజనీర్లున్నారు, సీనియర్ జర్నలిస్టులున్నారు, రైతు నాయకులున్నారు. వర్తక సంఘాల వాళ్ళు రాసేది అందులో ఒక ప్రత్యేక బాణీ. పర్యావరణ నిబంధనల సంగతి వచ్చినప్పుడు ఆ బాణీ ఎంత సూక్ష్మంగా పనిచేస్తుందో చూడదగ్గ విషయం.

వ్యాపారికి నిబంధన అంటే భయం ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. కొత్త నియమం వస్తే ఖర్చు పెరుగుతుంది, ఆ ఖర్చు తన బిల్లులోకి దిగుతుంది, తన సరుకు ధర పక్క రాష్ట్రం సరుకు ముందు నిలవదు. ఈ భయాన్ని ప్రెస్‌మీట్ పెట్టి చెప్పొచ్చు. మంత్రిని కలిసి వినతిపత్రం ఇచ్చి, ఫొటో దిగి రావచ్చు. మండలి ముందు మాత్రం ఈ రెండూ చెల్లవు. అక్కడ భయాన్ని ప్రశ్నగా, ప్రశ్నను అంకెగా మార్చాలి. అవతలి పక్షం జవాబు చెప్పక తప్పని రూపంలో పెట్టాలి. పర్యావరణం పేరుతో పరిశ్రమల నడ్డి విరుస్తున్నారని రాస్తే గుమాస్తా దాన్ని ఫైల్లో పెట్టి ఊరుకుంటాడు. అదే మాటను పనిమంతుడు ఇలా రాస్తాడు: ఈ యంత్రానికి బహిరంగ టెండరు పిలిచారా, ఎన్ని బిడ్లు వచ్చాయి, కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ సూచించిన ఖర్చుకూ ఖరారు చేసిన ధరకూ తేడా ఎంత, పని ఆలస్యమైన నెలలకు వడ్డీ ఎవరి ఖాతాలో పడుతుంది. నాలుగు ప్రశ్నలు. ఒక్కదాంట్లోనూ కోపం కనపడదు. నాలుగింటికీ కాగితం చూపించి జవాబు చెప్పాల్సిందే.

ఈ పనికి కావలసిన సరంజామా అంతా ఈ చుట్టుపక్కలే దొరుకుతుంది. నాంపల్లి కోర్టుల దగ్గర టైపింగ్, నోటరీ, జిరాక్సు, స్పైరల్ బైండింగ్. ఆదివారాలు అబిడ్స్ ఫుట్‌పాత్‌ల మీద పరిచే పాత పుస్తకాల్లో లా పుస్తకాలు, కాస్ట్ అకౌంటింగ్ పుస్తకాలు పక్కపక్కనే ఉంటాయి. అభ్యంతర పత్రం సరిగ్గా ఆ రెండు శాస్త్రాలకు పుట్టిన బిడ్డ. అటు ట్రూప్ బజార్‌లో వైర్లు, మోటార్లు, స్విచ్‌గేర్ అమ్మే దుకాణదారులు, ఇటు అబిడ్స్‌లో బట్టల షాపులు, హోటళ్ళ వాళ్ళు బహిరంగ విచారణకు వెళ్ళడం అరుదు. వాళ్ళ బిల్లు మీద పడే పైసలు మాత్రం ఆ విచారణల్లోనే తేలతాయి.

ఇక నిబంధన సంగతి. 2015 డిసెంబరు 7న కేంద్ర పర్యావరణ శాఖ బొగ్గు కరెంటు కేంద్రాలకు కొత్త ప్రమాణాలు ప్రకటించింది. అంతకుముందు ధూళికి పరిమితి ఉండేది కానీ గంధకపు పొగకు, అంటే సల్ఫర్ డయాక్సైడ్‌కు, చిమ్నీ ఎత్తే నియమం. 500 మెగావాట్లు, ఆపై యూనిట్లకు 275 మీటర్ల గొట్టం కడితే చాలు. పొగ పైకి పోయి పలచబడుతుంది, ఎక్కడో దిగుతుంది. కొత్త ప్రమాణాలు పొగలోని గంధకాన్నే తూకం వేశాయి. 500 మెగావాట్లు, అంతకు మించిన పాత యూనిట్లకు ఘనపు మీటరుకు 200 మిల్లీగ్రాములు, చిన్నవాటికి 600, 2017 నుంచి వచ్చే కొత్త యూనిట్లకు 100. నైట్రోజన్ ఆక్సైడ్లకు, పాదరసానికి, వాడే నీటికి కూడా శాఖ హద్దులు పెట్టింది. పాటించడానికి రెండేళ్ళు గడువిచ్చింది.

గంధకాన్ని పట్టే యంత్రం ఎఫ్‌జీడీ. బాయిలరు నుంచి చిమ్నీకి పోయే పొగను దారి మళ్ళించి ఒక పెద్ద శోషక స్తంభంలోకి పంపుతారు. పైనుంచి సున్నపురాయి పొడి కలిపిన నీళ్ళు చిలకరిస్తారు. గంధకం సున్నంతో కలుస్తుంది, గాలి ఊదితే జిప్సం అవుతుంది. అది సిమెంటు కంపెనీలకు, గోడ బోర్డులు చేసేవాళ్ళకు పనికొస్తుంది. సున్నపురాయికి తెలంగాణలో కొదవ లేదు: తాండూరు వైపూ ఉంది, కోదాడ వైపూ ఉంది. అయితే ఈ యంత్రం ఊరికే నడవదు. పంపులకు, ఫ్యాన్లకు కరెంటు కావాలి. తడి సున్నపురాయి పద్ధతికి కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి అదనపు సొంత వాడకాన్ని ఒక శాతంగా నిర్ణయించింది. ఒక శాతమంటే చిన్నగా వినిపిస్తుంది. 800 మెగావాట్ల యూనిట్‌లో అది 8 మెగావాట్లు. 85 శాతం సామర్థ్యంతో ఏడాదంతా నడిస్తే దాదాపు 6 కోట్ల యూనిట్లు.

ఇక్కడ అభ్యంతర పత్రం రాసేవాడి పెన్సిల్ ఎలా కదులుతుందో దగ్గరగా చూద్దాం. కింది అంకెలు ఏ ఒక్క కేంద్రానివీ కావు. లెక్క నడక చూపించడానికి నేను వేసుకున్నవి. 800 మెగావాట్ల యూనిట్‌కు ఎఫ్‌జీడీ ఖర్చు మెగావాట్‌కు 80 లక్షలు అనుకుంటే మొత్తం 640 కోట్లు. తరుగుదల, వడ్డీ, పెట్టుబడి మీద రాబడి, నిర్వహణ కలిపి ఏటా 15 శాతం అనుకుంటే 96 కోట్లు. 85 శాతం నడిస్తే ఏడాదికి సుమారు 596 కోట్ల యూనిట్లు. భాగిస్తే యూనిట్‌కు 16 పైసలు. నెలకు కోటి యూనిట్లు వాడే ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీ తన కరెంటంతా ఈ యూనిట్ నుంచే తీసుకుంటే నెలకు 16 లక్షల భారం. నిజానికి డిస్కం కొనే కరెంటు ఎన్నో కేంద్రాల నుంచి వచ్చి కలుస్తుంది కనుక బిల్లు దాకా వచ్చేసరికి భారం పలచబడుతుంది. మొదటి తరగతి అభ్యంతర పత్రం ఈ విషయాన్ని దాచదు. దాచితే అవతలి ఇంజనీరు విచారణలో ఒక్క వాక్యంతో పడగొడతాడని రాసేవాడికి తెలుసు.

పెన్సిల్ ఇక్కడ ఆగదు. యూనిట్ 85 శాతం నడుస్తుందని ఎవరు చెప్పారు? పగలంతా సోలార్ కరెంటు వస్తోంది. బొగ్గు యూనిట్లను మధ్యాహ్నం తగ్గించి, సాయంత్రం పెంచుతున్నారు. 60 శాతమే నడిచిందనుకుంటే ఏడాదికి 420 కోట్ల యూనిట్లు, అదే 96 కోట్లు. ఇప్పుడు యూనిట్‌కు దాదాపు 23 పైసలు. స్థిర వ్యయం కేంద్రం సిద్ధంగా ఉంటే చాలు చెల్లించాలి, నడిచినా నడవకున్నా. అంటే పొగ తగ్గేకొద్దీ, ఆ పొగను కడిగే యంత్రం ఖర్చు ఒక్కో యూనిట్ మీద పెరుగుతుంది. ఈ చిక్కును ఇంత స్పష్టంగా పట్టుకున్నది పర్యావరణ సాహిత్యంలో కంటే వర్తక సంఘాల వాదనల్లోనే నేను ఎక్కువగా చదివాను. వాళ్ళు నిబంధన వద్దంటున్నారని పైపైన చూసి కొట్టిపారేస్తే ఈ తెలివిని పోగొట్టుకుంటాం.

ఈ ఖర్చు ఎవరిది అన్న ప్రశ్నకు ఢిల్లీ ముందే జవాబు చెప్పింది. 2018 మే 30న కేంద్ర విద్యుత్ శాఖ, విద్యుత్ చట్టంలోని 107వ సెక్షన్ కింద కేంద్ర నియంత్రణ మండలికి ఆదేశం ఇచ్చింది. కొత్త ప్రమాణాలను చట్టంలో మార్పుగా చూడాలి, ఆ ఖర్చును టారిఫ్‌లోకి రానివ్వాలి అని దాని సారం. ఒప్పందం కుదిరాక చట్టం మారితే భారం కొనేవాడిది అన్న సూత్రమే. కనుక ఇవ్వాలా వద్దా అన్నచోట వాదన అయిపోయింది. ఎంత ఇవ్వాలి అన్నచోట మొదలైంది. పనితనం బయటపడేది అక్కడే.

ఒక్క ఉదాహరణ చాలు. థర్మల్ కేంద్రానికి పెట్టిన సొంత పెట్టుబడి మీద 15.5 శాతం రాబడి ఇవ్వడం ఆనవాయితీ. ఎఫ్‌జీడీకీ అంతే ఇవ్వాలా? ఉత్పత్తిని పెంచే యంత్రం కాదది, ఇంకో కొత్త కేంద్రం కట్టడంలో ఉండే సాహసమూ అందులో లేదు. 2019 టారిఫ్ రెగ్యులేషన్లకు తర్వాత తెచ్చిన సవరణల్లో కేంద్ర నియంత్రణ మండలి దీనికి వేరే కొలత పెట్టింది. స్టేట్ బ్యాంకు ఏడాది కాలపు రుణాలకు ప్రామాణికంగా తీసుకునే ఎంసీఎల్ఆర్ వడ్డీకి మూడున్నర శాతం కలిపి, ఎంత వచ్చినా 14 శాతం దాటకూడదంది. మన 640 కోట్ల లెక్కలో సొంత పెట్టుబడి 30 శాతం, అంటే 192 కోట్లు. 15.5 శాతానికీ 14 శాతానికీ తేడా, పన్ను పక్కన పెడితే, ఏటా 2 కోట్ల 88 లక్షలు. యూనిట్‌కు అర పైసా. ఆ అర పైసా కోసం పేజీలకు పేజీల వాదన, ప్రతివాదన. కాలుష్యాన్ని అరికట్టే యంత్రం లాభాల వనరు కాకూడదన్న ఒక విలువ ఆ అర పైసాలో స్థిరపడింది. తాటాకు మీద గంటంతో రాసినంత ఓర్పు కావాలి దీనికి.

ఇక మండలి ఆర్డరు రూపం గురించి. తెలంగాణ మండలి ఆర్డరు తెరిస్తే ఒక్కో అంశం మూడు భాగాలుగా ఉంటుంది. మొదట అభ్యంతరం చెప్పినవాళ్ళు ఏమన్నారు, తర్వాత దరఖాస్తుదారు ఏం జవాబిచ్చారు, చివర మండలి అభిప్రాయం. అభ్యంతరదారుల పేర్లు జాబితాగా ఆర్డరులోనే ఉంటాయి. ఎఫ్‌టీసీసీఐ పక్కనే దక్షిణ భారత సిమెంటు ఉత్పత్తిదారుల సంఘం, దాని పక్కనే విద్యుత్ అధ్యయన కేంద్రం కన్వీనర్, సీనియర్ జర్నలిస్టు ఎం. వేణుగోపాలరావు, విద్యుత్ నియంత్రణ మీద ఏళ్ళ తరబడి ప్రజల పక్షాన నిఘా పెట్టిన ఎం. తిమ్మారెడ్డి. ఫ్యాక్టరీ యజమానుల సంఘమూ, ప్రజాపక్షాన మాట్లాడేవాళ్ళూ ఒకే పేజీలో, ఒకే లెక్కను వేర్వేరు వైపుల నుంచి నిలదీయడం ఇంకెక్కడైనా చూశామా? వాళ్ళ రాజకీయాలు కలవవు. రైతులకు ఉచిత కరెంటు, క్రాస్ సబ్సిడీ దగ్గరికి రాగానే ఎవరి దారి వాళ్ళది. కాంట్రాక్టు ఖర్చు, ఆలస్యానికి వడ్డీ, బొగ్గు నాణ్యత దగ్గర మాత్రం ఒకరి వాదన ఇంకొకరికి బలమవుతుంది.

ఈ మూడు భాగాల అమరికలో ఓడిపోయిన మాట కూడా అచ్చులో మిగులుతుంది. మండలి ఒప్పుకోకపోయినా అభ్యంతరం ఆర్డరులో ఉంటుంది, ఎందుకు ఒప్పుకోలేదో కారణం ఉంటుంది. నాలుగేళ్ళ తర్వాత ఇంకో దరఖాస్తు వచ్చినప్పుడు, అప్పుడే చెప్పాం అని ఫలానా పేరా చూపించవచ్చు. ఎఫ్‌జీడీ లాంటి వాటిలో నియంత్రణ మండళ్ళు సాధారణంగా పట్టే దారి కూడా దీన్ని ఆసరా చేసుకుందే. ముందు అంచనాను అంచనాగానే చూడడం, యంత్రం నడవడం మొదలయ్యాక అసలు ఖర్చు కాగితాలు తెప్పించి, అనవసరపు ఖర్చును కోసేసి, మిగిలింది సర్దుబాటు చేయడం. అందుకే పాత ఆర్డర్లను పక్కన పడేయకుండా దాచుకునేవాళ్ళు ఈ పనిలో రాణిస్తారు. ఇవాళ ఇచ్చిన మాటను రేపటి లెక్కతో సరిపోల్చడానికి వాళ్ళ దగ్గర సరుకు ఉంటుంది.

ఈ కాగితాల ఓర్పు విలువ హైదరాబాద్‌కు బాధతోనే తెలిసింది. 1999లో ఏర్పడిన ఆంధ్రప్రదేశ్ విద్యుత్ నియంత్రణ మండలి మొదటి టారిఫ్ ఆర్డరు 2000 మేలో వచ్చింది. చార్జీల పెంపు మీద జనం రోడ్డెక్కారు. ఆ ఆగస్టు 28న బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. అబిడ్స్ నుంచి బషీర్‌బాగ్ ఎంత దూరం? ఆ రోజు తర్వాత ఈ రాష్ట్రంలో టారిఫ్ ఆర్డరును వట్టి కాగితమని ఎవరూ అనుకోలేదు. విచారణలకు మనుషులు రావడం, రాసుకుని రావడం, రాసుకొచ్చింది చదివి వినిపించడం పెరిగింది. వర్తక సంఘాలు తమ వాదనను కమిటీల్లో వడబోసి, నిపుణుల చేత లెక్క వేయించి తేవడం కూడా ఈ వాతావరణంలో గట్టిపడిన అలవాటే.

అయితే పరిశ్రమల వైపు నుంచి వచ్చిన ఒక వాదనను నేను పూర్తిగా ఒప్పుకోలేను. మన బొగ్గులో గంధకం తక్కువ, చాలావరకు అర శాతం లోపే, బూడిదే ఎక్కువ, కనుక గంధకం యంత్రం అందరికీ అక్కరలేదన్నది ఆ వాదన. మొదటి సగం నిజం. సింగరేణి బొగ్గు అయినా, ఒడిశా బొగ్గు అయినా బూడిద 35 శాతం దాటడం మామూలు, గంధకం విదేశీ బొగ్గుతో పోలిస్తే తక్కువ. కానీ గంధకం శాతం తక్కువైనా మండించే బొగ్గు కోట్ల టన్నులు. గొట్టం నుంచి వాయువుగా వెళ్ళిన సల్ఫర్ డయాక్సైడ్ గాలిలో సల్ఫేటు రేణువై, ఊపిరితిత్తుల లోతుల్లోకి పోయే సన్నటి ధూళి అవుతుంది. అది చిమ్నీ దగ్గర మాత్రమే పడదు, వందల కిలోమీటర్లు ప్రయాణిస్తుంది. కేంద్రం పక్కన పెట్టిన గాలి నాణ్యత మీటరు మంచి అంకె చూపించినంత మాత్రాన ప్రశ్న తీరిపోదు.

అదే పరిశ్రమల వైపు నుంచి వచ్చే ఇంకో వాదన మాత్రం నాకు తిరుగులేనిదిగా తోస్తుంది. 2010లో కేంద్ర ప్రభుత్వం బొగ్గు మీద శుద్ధ ఇంధన సెస్సు మొదలుపెట్టింది, టన్నుకు 50 రూపాయలు. 2014లో 100, 2015లో 200, 2016లో 400. యూనిట్ కరెంటుకు సుమారు 650 గ్రాముల బొగ్గు అనుకుంటే టన్నుకు 400 అంటే యూనిట్‌కు 26 పైసలు. 2017లో జీఎస్టీ వచ్చాక అది రాష్ట్రాలకు పరిహారపు సెస్సుగా మారిపోయింది. 2025 సెప్టెంబరు 22న ఎత్తేశారు, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు. అంటే మన లెక్కలో ఎఫ్‌జీడీ పెట్టడానికి అయ్యే పైసల కంటే ఎక్కువ పైసలు, పర్యావరణం పేరు మీద మొదలై, ఏళ్ళ తరబడి వినియోగదారుల బిల్లుల ద్వారా వసూలయ్యాయి. పొగ మాత్రం అలాగే ఉంది. శుద్ధికని ఒకసారి కట్టాం, శుద్ధి జరగలేదు, ఇప్పుడు మళ్ళీ కట్టమంటారా అని ఫ్యాక్టరీ యజమాని అడిగితే జవాబు చెప్పవలసింది ప్రభుత్వమే.

పొగకు ఒక వేదిక, డబ్బుకు ఇంకో వేదిక ఉండడం కూడా ఈ కథలో పెద్ద చిక్కు. దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి కేంద్రానికి 2017లో పర్యావరణ అనుమతి వచ్చింది. 2022 సెప్టెంబరు 30న చెన్నైలోని జాతీయ హరిత ట్రిబ్యునల్ దక్షిణాది ధర్మాసనం ఆ అనుమతిని నిలిపి, మళ్ళీ అధ్యయనాలు చేయమంది. 2024 డిసెంబరు 7న మొదటగా ఒక యూనిట్‌ను ముఖ్యమంత్రి జాతికి అంకితం చేశారు. అనుమతి ఎందుకు ఆగిందన్నది చెన్నైలో తేలే విషయం. ఆగిన కాలానికి పెరిగిన వడ్డీ ఎంతన్నది హైదరాబాద్‌లో టారిఫ్ విచారణకు వచ్చే విషయం. మొదట్లోనే అధ్యయనం సరిగ్గా చేయని తప్పు, చివరికి నిర్మాణ కాలపు వడ్డీ అన్న ఒక వరుసగా పట్టికలో కూర్చుంటుంది. పర్యావరణ నియమాన్ని పాటించడం ఖరీదు అని మాత్రమే చదివేవాళ్ళు, పాటించకపోవడం ఖరీదు కూడా అదే పట్టికలో ఉందని గమనించాలి. అభ్యంతర పత్రాలు రాసేవాళ్ళలో చేయి తిరిగినవాళ్ళు ఈ రెండింటినీ విడదీసి అడుగుతారు: నియమం వల్ల పెరిగింది ఎంత, మీ నిర్లక్ష్యం వల్ల పెరిగింది ఎంత. మొదటిది మేం కడతాం, రెండోది మీ జేబులోంచి పెట్టుకోండి. ఈ విభజన చేయగలగడమే ఈ కళకు పరాకాష్ట అని నా నమ్మకం.

ఇంత నైపుణ్యంలోనూ ఒక వరుస ఖాళీగా ఉంది. ఆ లోటు ఏ ఒక్క పక్షానిదీ కాదు. దరఖాస్తులో బొగ్గు ఖర్చు ఉంటుంది, సున్నపురాయి ఖర్చు ఉంటుంది, నీళ్ళ ఖర్చు ఉంటుంది, వైద్యం ఖర్చు ఉండదు. పాల్వంచలో, మణుగూరులో, రామగుండంలో చిమ్నీల నీడన దగ్గుతున్న పిల్లవాడి ఆస్పత్రి చీటీ ఏ అనుబంధంలోనూ చేరదు. మండలి దశాబ్దాలు కూర్చున్న రెడ్‌హిల్స్‌లోనే పిల్లల ఆస్పత్రి నీలోఫర్ ఉంది, క్యాన్సర్ ఆస్పత్రి ఎంఎన్‌జే ఉంది. జిల్లాల నుంచి వచ్చి ఆ ఆవరణల్లో చాపలు పరుచుకున్న కుటుంబాల ఖర్చు యూనిట్‌కు ఎన్ని పైసలో తేల్చమని చట్టం మండలిని అడగలేదు. ఎఫ్‌జీడీ పెడితే 16 పైసలు అన్న లెక్కకు ఎదురుగా, పెట్టకపోతే ఎంత అన్న లెక్క లేనంత కాలం మొదటిదే పెద్దదిగా కనిపిస్తుంది.

గడువులు జారిపోవడానికి ఈ ఖాళీ వరుసే ఒక కారణం. 2017 అన్నది 2022 అయింది. 2021లో కేంద్రాలను ఏ, బీ, సీ తరగతులుగా విడదీశారు. దేశ రాజధాని ప్రాంతానికో, జనాభా పది లక్షలు దాటిన నగరానికో 10 కిలోమీటర్ల లోపు ఉన్నవి ఏ, బాగా కాలుష్యం ముదిరిన ప్రాంతాలకు దగ్గరున్నవి బీ, మిగిలినవన్నీ సీ. 2022లో మళ్ళీ గడువు, 2024 డిసెంబరులో మళ్ళీ గడువు. చివరికి 2025 జులై 11న, చిమ్నీ ఎత్తు నియమం పాటిస్తే చాలునంటూ సీ తరగతిని గంధకపు ప్రమాణాల నుంచి తప్పించారు. దేశంలోని బొగ్గు సామర్థ్యంలో దాదాపు 78 శాతం ఆ తరగతిదే. బీ తరగతి సంగతి కేంద్రం వారీగా చూస్తారు. ‘ఏ’ తరగతికి 2027 డిసెంబరు 30 గడువు. పదేళ్ళు తిరిగి మళ్ళీ గొట్టం ఎత్తు దగ్గరికే వచ్చాం. ఒకప్పుడు హుస్సేన్‌సాగర్ ఒడ్డున, ఈ పేటకు కూతవేటు దూరంలో, బొగ్గు కరెంటు కేంద్రం ఉండేది. దాన్ని తీసేశాం. కరెంటు మాత్రం గోదావరి తీరం నుంచి, కృష్ణా తీరం నుంచి వస్తూనే ఉంది. పది లక్షల జనాభా దగ్గర లేని ఊరి గాలికి వేరే కొలత అన్న ఆలోచన నాకు మింగుడుపడదు.

ఖర్చు తగ్గిందని వ్యాపార వర్గాలు ఊపిరి పీల్చుకోవచ్చు. అభ్యంతర పత్రానికి మాత్రం పని పెరిగింది. ఇప్పటికే కాంట్రాక్టు ఇచ్చి సగం కట్టిన ఎఫ్‌జీడీల గతేమిటి? కట్టి పూర్తయినదాన్ని నడపకుండా ఉంచితే దాని స్థిర వ్యయం ఎవరు మోయాలి? నడిపితే ఒక శాతం సొంత వాడకాన్ని, సున్నపురాయి ఖర్చును ఇప్పుడు ఏ పద్దులో ఒప్పుకుంటారు? యంత్రం పెట్టిన కేంద్రం కరెంటు పెట్టని కేంద్రం కరెంటు కంటే ఖరీదైనదై, డిస్కం కొనే వరుసలో వెనక్కి పోతే, శుభ్రంగా ఉన్నందుకు శిక్ష పడినట్టే కదా? చర వ్యయం తక్కువ ఉన్న కేంద్రాన్ని ముందు నడపాలన్నది పాటిస్తున్న పద్ధతి. సున్నపురాయి ఖర్చు చేరితే చర వ్యయం పైసల్లో పెరుగుతుంది, ఆ పైసలే వరుసలో చోటు మారుస్తాయి.

కల్యాణ్‌నగర్ విద్యుత్ నియంత్రణ భవన్‌లో తర్వాతి జెన్‌కో, సింగరేణి దరఖాస్తుల మీద విచారణ ప్రకటన పత్రికల్లో వచ్చినప్పుడు ఎవరైనా రాయవచ్చు. పెద్ద సంఘం పేరు అక్కరలేదు. లాయరూ అక్కరలేదు. దరఖాస్తు నంబరు, పేరు, చిరునామా, సంతకం ఉండాలి, గడువులోగా చేరాలి. స్వయంగా వినిపించదలిస్తే ఆ మాట కూడా అందులోనే రాయాలి. నేను రాయదలచినది ఇది: మీ ప్రతి చిమ్నీకి ఆన్‌లైన్ కాలుష్య పర్యవేక్షణ మీటరు ఉంది. గత మూడేళ్ళలో నెలవారీగా ఒక్కో యూనిట్ నుంచి వెలువడిన సల్ఫర్ డయాక్సైడ్ సగటు ఎంత, మొత్తం టన్నులు ఎన్ని, మీటరు పనిచేయని గంటలు ఎన్ని? ఈ అంకెలను బొగ్గు ఖర్చు పట్టిక పక్కనే అనుబంధంగా దాఖలు చేయగలరు.